ముడులు

వలలో మిగిలిన నైలాను తాడు,
మూరెడు.
పొద్దుటే మసేను గడ్డం పట్టుకుని
నోరు తెరవమంటాను,
ఫోను లైటేసి చూస్తాను.
చిగుళ్ళు ఎప్పట్లా ఉంటే ఒక ముడి.
నాలుక కింద తెల్లటి పుండు లేస్తే
ఎర్రదారం కలిపి ఒక ముడి.

నాకు చదువు రాదు. లెక్క వచ్చు.
తట్ట నెత్తికెత్తుకుంటే చాలు
లోపల కానాగంతలు ఎన్నో
మెడ చెబుతుంది.

మొదట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.
దిష్టి, అంది పోలిరాజు పెళ్ళాం.
పళ్ళొచ్చే జ్వరం, అన్నాడు మందుల కొట్టతను.
"అమాసొస్తే సాలు, గుంటడు కాగిపోతన్నాడు" అని
మా అత్త దానమ్మ
ఇసకలో కోడిని కోయించింది.
నేనూ నమ్మాను.
ఇంత సముద్రమే అమాసకి పొంగుతుంటే
మూడేళ్ళ వాడి ఒళ్ళెంత?

తాడు ఒప్పుకోలేదు.
అమాసకీ అమాసకీ మధ్య
ఇరవై తొమ్మిది ముడులు, ఒక్కోసారి ముప్పై.
ఎర్రదారానికీ ఎర్రదారానికీ మధ్య
ఇరవై ఒకటి.
మళ్ళీ ఇరవై ఒకటి.
ఒకసారి ఇరవై.
వేట నిషేధంలో, బోట్లన్నీ జెట్టీకి కట్టేసిన రెండు నెలల్లోనూ
వాడి జ్వరానికి సెలవు లేదు.

కేజీహెచ్ పిల్లల వార్డులో డాక్టరమ్మ అడిగింది:
ఎన్నాళ్ళకోసారి వస్తోందమ్మా?
అంతకుముందు అడిగినవాళ్ళకి
"ఎప్పుడూ" అని చెప్పేదాన్ని.
ఈసారి కొంగు విప్పి
తాడు తీసి బల్ల మీద పెట్టాను.
నీచు వాసనకి
పక్కనున్న కుర్ర డాక్టరు మొహం తిప్పుకున్నాడు.
ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి,
రొయ్యలు ఒలిచేదానిలా చకచకా
ఒక్కో ముడీ తడిమింది.
చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.
చాలాసేపు ఏమీ అనలేదు.

వారానికి రెండుసార్లు, ఆరు వారాలు నెత్తురు తీశారు.
ఆస్పత్రి ఎత్తు ఎక్కుతూ వాడు అడిగేవాడు:
"ఈవేళ ఏ సెయ్యమ్మా?"

కౌంటు రెండు వేలు. పదకొండు వందలు. నాలుగు వందలు.
ఒక బుధవారం, తొంభై.
తెల్లకణాల్లో ఒక రకమట, పేరుకి నా నోరు తిరగదు.
కుర్ర డాక్టరు కాగితం మీద సిపాయిల్ని గీశాడు,
తుపాకులతో సహా.
మా పేటలో సిపాయిలు లేరు బాబూ.
రాత్రిళ్ళు ఒడ్డున తెప్పల దగ్గర
వంతులేసుకుని కాపలా పడుకునేవాళ్ళున్నారు.
వీడి ఎముకల్లో ఎవరో
మూడు వారాలకోసారి వంతు మర్చిపోతున్నారు,
అంతేనా?
అంతే, అన్నాడు
బొమ్మ కొట్టేస్తూ.

పుట్టుకతోనే ఉందన్న మాట విని
వాళ్ళ నాన్న హార్బరుకి వెళ్ళిపోయాడు.
రెండు రోజులు రాలేదు.
మూడోనాడు ఐసు డబ్బాతో వచ్చాడు.
సూదిమందు చల్లగా ఉండాలి,
గడ్డ కట్టకూడదు,
మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.
కోనెం చేపని మూడు రోజులు చెడకుండా తేగలిగిన మనిషి
వేలెడంత సీసాకి నా పాత చీర పీలిక చుట్టి
ఐసుకి బెత్తెడు దూరంలో పడుకోబెట్టాడు.
"తగలనీకే."
ఆ గొంతు నాకు కొత్త.

సూది మొదలెట్టాక తాడు మీద లెక్క తప్పింది.
ఇరవై ఒకటి కాస్తా పద్నాలుగైంది.
ముదిరిందనుకుని పరుగెత్తాను.
డాక్టరమ్మ నవ్వింది:
పడితే పడనీ, మునుపటంత లోతుకి పోవట్లేదు,
తొందరగా లేస్తోంది.
నవ్వు అర్థమైంది గానీ
ఇంటికొచ్చేదాకా నా కాళ్ళకి అర్థం కాలేదు.

నిన్న ముడి తనే వేస్తానన్నాడు.
వేళ్ళకి ఇంకా రాదు,
లాగితే ఊడేదే వేశాడు.
వాడు పడుకున్నాక బిగిద్దామని తీశాను.
ఎందుకో అలాగే ఉంచేశాను.

ఇవాళ పదకొండు.
బడి గంట కొట్టింది, పంపాను.
తట్ట ఇంకా ఎత్తలేదు.